సైట్ మ్యాప్ అంటే ఏంటి? వెబ్‌సైట్ అడుగున దాక్కున్న ఈ ఒక్క పేజీ ఎవరికి దారి చూపిస్తుందో తెలుసా?

నరసన్నపేట: ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కొత్త మనిషి దిగితే ముందుగా ఏం చేస్తారు? బోర్డు కోసం చూస్తారు. టెక్కలి బస్సు ఎక్కడ ఆగుతుంది, పాతపట్నం బస్సు ఎటు, శ్రీకాకుళం బస్సు ఎప్పుడు.. బోర్డు కనిపించకపోతే ఎంక్వైరీ దగ్గరకు వెళ్తారు. అక్కడా ఎవరూ లేకపోతే పక్కనే టీ కొట్టు ఉండనే ఉంది, అడిగితే చెప్పేస్తారు. మరి ఫోన్‌లో వెబ్‌సైట్ తెరిచి దారి తప్పితే ఎవరిని అడగాలి? అక్కడ టీ కొట్టు ఉండదు. ఉండాల్సింది బోర్డే. ఆ బోర్డు పేరే సైట్ మ్యాప్.

సైట్ మ్యాప్ అంటే బొమ్మల పటం కాదు. ఒక వెబ్‌సైట్‌లో ఉన్న ముఖ్యమైన పేజీలన్నింటినీ విభాగాల వారీగా, వరుసగా, లింకులతో చూపించే ఒకే ఒక్క పేజీ. పుస్తకం మొదట్లో విషయసూచిక ఉంటుంది కదా, అలాంటిదే. తయారు చేయడానికి పెద్ద ఖర్చు లేదు, పెద్ద టెక్నాలజీ అక్కర్లేదు. అయినా చాలా సైట్లలో ఇది కనిపించదు. కనిపించినా ఎక్కడో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, ఎప్పుడో అప్‌డేట్ చేసి వదిలేసినట్టు ఉంటుంది.

దీంతో మనకేం పని అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి.

కళ్లు మూసుకుని ఒకసారి వెబ్‌సైట్ తెరవండి

నరసన్నపేటలో ఒక డిగ్రీ విద్యార్థి ఉన్నాడనుకుందాం. చూపు లేదు. చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది. అందులో టాక్‌బ్యాక్ అనే సౌకర్యం ఆన్ చేసి ఉంటుంది. స్క్రీన్ మీద ఏముందో ఫోనే చదివి వినిపిస్తుంది, తెలుగులో కూడా. వేలితో కుడివైపు ఒకసారి జరిపితే తర్వాతి అంశం దగ్గరకు వెళ్తుంది. కావాల్సింది వినిపించాక రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది.

ఇప్పుడు అతనికి స్కాలర్‌షిప్ నోటీసు కావాలి. చూపున్న మనం పేజీని ఒక్క చూపులో పైనుంచి కిందకు జల్లెడ పట్టేస్తాం. అతనికి ఆ వీలు లేదు. లోగో, జరిపితే భాష మార్పు, జరిపితే మెనూ బటన్. మెనూ తెరిస్తే అందులో పది అంశాలు. ఒక్కోదాని పక్కన ఇంకో బాణం గుర్తు. దాన్ని తెరిస్తే లోపల మరో ఎనిమిది. తప్పు విభాగంలోకి వెళ్తే వెనక్కి వచ్చి మళ్లీ లోగో నుంచి మొదలు. ముప్పై నలభైసార్లు వేలు జరిపినా నోటీసు చిక్కదు. ఆలోపు డేటా అయిపోవచ్చు, ఓపిక అయిపోవచ్చు. అసలు నష్టం ఎక్కడంటే, గడువు తేదీ కూడా అయిపోవచ్చు.

అదే సైట్ మ్యాప్ ఉంటే? పేజీ అంతా శీర్షికలు, వాటి కింద లింకులు. టాక్‌బ్యాక్‌లో రీడింగ్ కంట్రోల్స్ అని ఉంటాయి. వాటిలో 'హెడ్డింగ్స్' ఎంచుకుంటే ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు గెంతుకుంటూ వెళ్లొచ్చు. 'విద్య' అనే శీర్షిక వినబడగానే ఆగి, దాని కింద లింకులు వింటే చాలు. నాలుగైదు కదలికల్లో పని అయిపోతుంది. కంప్యూటర్ మీద పనిచేసేవాళ్లు వాడే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే. కీబోర్డ్‌లో హెచ్ నొక్కితే తర్వాతి శీర్షిక, కె నొక్కితే తర్వాతి లింకు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులు ఉన్నారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22.66 లక్షల మంది. వీళ్లలో చూపు సమస్య ఉన్నవాళ్లు మాత్రమే కాదు, చేతులు వణికేవాళ్లు, మెనూ మీద వేలు నిలపలేనివాళ్లు, ఎక్కువ సమాచారం ఒకేసారి కనిపిస్తే తికమకపడేవాళ్లు కూడా ఉన్నారు. ఇక కంటి శుక్లాలతో అక్షరాలను నాలుగింతలు పెద్దవి చేసుకుని చదివే మన ఇంట్లో పెద్దవాళ్లు ఏ లెక్కలోనూ ఉండరు. అక్షరాలు అంత పెద్దవైతే మెనూలు తెర బయటకు పోతాయి. సాదా లింకుల జాబితా మాత్రం ఎంత పెద్దది చేసినా కిందకు జరుగుతూ చదువుకునేలాగే ఉంటుంది.

సెర్చ్ బాక్స్ ఉంది కదా, ఇదెందుకు?

చాలామంది వెబ్ డిజైనర్లు చెప్పే మాట ఇదే. సెర్చ్ పెట్టాం కదా, టైప్ చేసుకుంటారు అని. తెలుగువాళ్ల దగ్గరకు వచ్చేసరికి ఈ మాట సగమే నిజం.

మన ఊరి పేరే తీసుకోండి. ఇంగ్లీషులో కొందరు చివర 'ఏ' పెడతారు, కొందరు పెట్టరు. కొందరు 'నర' తర్వాత ఉన్న 'ఏ' మింగేసి 'నర్సన్నపేట' అని కొడతారు. సెర్చ్ బాక్స్‌కి ఈ మూడూ మూడు వేర్వేరు ఊళ్లు! తెలుగులో టైప్ చేద్దామంటే సైట్‌లో పేజీ ఇంగ్లీషులో ఉంటుంది. మాటలో చెప్పి వెతుకుదామంటే మన యాస ఫోన్‌కు ఒక్కోసారి అర్థం కాదు.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. వెతకాలంటే ముందు ఆ వస్తువు పేరు తెలియాలి. వైకల్య ధ్రువీకరణ పత్రాన్ని మన రాష్ట్రంలో అధికారికంగా 'సదరం సర్టిఫికెట్' అంటారు. దివ్యాంగ పింఛన్‌కు అదే ఆధారం. 2024 జులై నుంచి ఆ పింఛన్ నెలకు రూ.6,000. 2025లో ఆ పింఛన్ల రీవెరిఫికేషన్ జరిగినప్పుడు ఈ కాగితం విలువేంటో చాలా ఇళ్లకు తెలిసొచ్చింది. కానీ మొదటిసారి దరఖాస్తు చేసే తల్లికి 'సదరం' అనే మాట ఎలా తెలుస్తుంది? ఆమె 'వికలాంగుల సర్టిఫికెట్' అని వెతుకుతుంది. సైట్ మాత్రం 'ఫలితాలు లేవు' అంటుంది. అలాగే పొలం కాగితాల కోసం 'పట్టా' అని కొట్టేవాళ్లకు '1బీ', 'అడంగల్' అనే మాటలు తట్టకపోవచ్చు.

సైట్ మ్యాప్‌లో ఆ ఇబ్బంది లేదు. పేరు గుర్తు తెచ్చుకోనక్కర్లేదు, కనిపిస్తే గుర్తుపడితే చాలు. 'దివ్యాంగుల సేవలు' అనే శీర్షిక కింద 'సదరం స్లాట్ బుకింగ్' అని రాసి ఉంటే, ఓహో ఇదేనా అని అర్థమైపోతుంది. సంతలో కూరగాయల పేర్లు తెలియకపోయినా చూసి ఏరుకుంటాం కదా, అలా అన్నమాట.

అంతర్జాతీయ ప్రమాణాలు కూడా చెప్పేది ఇదే. వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని డబ్ల్యూ3సీ అనే సంస్థ డబ్ల్యూసీఏజీ పేరుతో మార్గదర్శకాలు ఇస్తుంది. 1999 మే 5న వచ్చిన మొదటి వెర్షన్‌లోనే సైట్ మ్యాప్ ప్రస్తావన ఉంది. 2008లో వచ్చిన 2.0 నుంచి, 2023 అక్టోబర్‌లో వచ్చిన 2.2 దాకా 2.4.5 నంబరు నిబంధన ఒకటే చెబుతోంది. ఏ పేజీకైనా చేరుకోవడానికి ఒకటి కంటే ఎక్కువ దారులు ఉండాలి. మెనూ ఒక దారి అయితే సెర్చ్ మరొకటి, సైట్ మ్యాప్ ఇంకొకటి. ఫారం నింపే మధ్యలో వచ్చే పేజీలకు, పేమెంట్ పేజీలకు మాత్రం మినహాయింపు ఉంది. వాటికి నేరుగా వెళ్లడం కుదరదు కాబట్టి.

గూగుల్‌కు ఇచ్చే సైట్‌మ్యాప్ వేరు బాబోయ్!

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. సైట్ మ్యాప్ ఉందా అని అడిగితే 'ఉందండీ, ప్లగిన్ వేశాం' అంటారు. అది ఎక్స్ఎంఎల్ సైట్‌మ్యాప్. మనుషుల కోసం కాదు, సెర్చ్ ఇంజిన్ల కోసం. గూగుల్ 2005లో దీన్ని తెచ్చింది. 2006లో యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా అదే పద్ధతికి ఒప్పుకున్నాయి. ఒక్కో ఫైల్‌లో 50,000 లింకుల దాకా పెట్టొచ్చు. వర్డ్‌ప్రెస్‌లో అయితే 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి ఇది దానంతట అదే తయారవుతోంది. మంచిదే, ఉండాల్సిందే. కానీ దాన్ని తెరిచి చూస్తే మనిషికి కనిపించేది అడ్రస్‌ల గుట్ట. టాక్‌బ్యాక్‌తో వినమంటే శిక్ష వేసినట్టే.

మనుషులు చదివే సైట్ మ్యాప్ విడిగా ఉండాలి. రెండింటి పేరూ ఒకటే కావడం మన దురదృష్టం.

మన జిల్లా సైట్‌లో ఉందా?

ఉంది. శ్రీకాకుళం జిల్లా అధికారిక వెబ్‌సైట్‌ను కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ రూపొందించిన ఎస్3వాస్ వేదిక మీద నడుపుతున్నారు. ఆ పేరులోని మూడు 'ఎస్'లలో ఒకటి 'సుగమ్య', అంటే అందరూ తేలిగ్గా వాడుకోగలిగేది. దేశంలో చాలా జిల్లాల సైట్లు ఇదే మూసలో ఉంటాయి. అందుకే ఒకటి వాడటం వస్తే అన్నీ వచ్చినట్టే. పేజీ పైభాగంలోనే అక్షరాల సైజు మార్చుకునే గుర్తు, భాష మార్పు, వాటి పక్కనే సైట్ మ్యాప్ గుర్తు ఉంటాయి. అది తడితే జిల్లా గురించి, విభాగాలు, పర్యాటకం, పత్రాలు, నోటీసులు అన్నీ చెట్టు కొమ్మల్లా ఒకే పేజీలో విచ్చుకుంటాయి. పైన పెట్టడమే ఇందులో అసలు మెచ్చుకోవాల్సిన విషయం.

జిల్లా సైట్లకు ఇది ఎందుకు అవసరమో 2022లో బాగా తెలిసింది. ఆ ఏడాది ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగింది. పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. అలాంటప్పుడు మనం దాచుకున్న పాత లింకులు ఎటు తీసుకెళ్తాయో చెప్పలేం. 'పేజీ దొరకలేదు' అని వచ్చే 404 తెర మీద సైట్ మ్యాప్ లింకు ఒకటి పెడితే మనిషి మధ్యదారిలో ఆగిపోడు. ఇది చాలా చిన్న పని. చేసేవాళ్లు మాత్రం తక్కువే.

ఇంకో సంగతి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ జిల్లా కరెంటు, సిగ్నల్ లేక ఎంత అల్లాడిందో ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. నెట్‌వర్క్ ఒక్క గీత ఉన్నప్పుడు స్లైడింగ్ ఫొటోలున్న హోమ్ పేజీ తెరుచుకోదు. వట్టి అక్షరాలతో ఉన్న సైట్ మ్యాప్ పేజీ తెరుచుకునే అవకాశం ఎక్కువ. అడ్రస్ ముందే సేవ్ చేసుకుని ఉంటే హోమ్ పేజీతో పనే లేదు. తుపానులు వచ్చిపోయే ఊళ్లలో దీన్ని కేవలం డిజైన్ వ్యవహారం అనుకోలేం.

2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన వాట్సాప్ సేవ 'మన మిత్ర' చూశారా? మొదటి విడతలో 161 సేవలు ఇచ్చారు. శాఖ ఎంచుకో, సేవ ఎంచుకో అంటూ అడిగేది కూడా ఒకరకంగా మెట్లు మెట్లుగా ఉన్న సైట్ మ్యాపే. కాకపోతే ఒక్కో మెట్టు దిగితే గానీ కింద ఏముందో తెలియదు. అన్నీ ఒకేచోట చూసుకునే పేజీకి అది ప్రత్యామ్నాయం కాదని మా అభిప్రాయం.

చట్టం ఏమంటోంది?

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో సెక్షన్ 42 సమాచారం, కమ్యూనికేషన్ అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు ఎన్ఐసీ మార్గదర్శకాలు 2009 నుంచే ఉన్నాయి. వాటి మూడో రూపం 2023లో వచ్చింది. ప్రైవేటు సంస్థలకు ఇది వర్తించదనుకుంటే పొరపాటే. సెక్షన్ 46 ప్రభుత్వ, ప్రైవేటు సేవా సంస్థలు రెండింటినీ కలిపే చెప్పింది. నిబంధన ఉల్లంఘిస్తే సెక్షన్ 89 కింద మొదటిసారి రూ.10,000 దాకా, ఆ తర్వాత రూ.50,000 నుంచి రూ.5 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో మెట్టు పైకి వెళ్లింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు సమస్య ఉన్న వ్యక్తి వేసిన పిటిషన్లపై తీర్పునిస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆన్‌లైన్ కేవైసీ అందరికీ వీలుగా ఉండాలని 20 ఆదేశాలు ఇచ్చింది. సైట్ మ్యాప్ పెట్టకపోతే రేపే జరిమానా అని దీని అర్థం కాదు. కానీ 'మా సైట్, మా ఇష్టం' అనే రోజులు అయిపోయాయి.

మీ స్కూలుకో, షాపుకో సైట్ ఉందా? ఇలా చేయండి

నరసన్నపేటలో స్కూళ్లు, బంగారం షాపులు, ఆసుపత్రులు ఇప్పుడు సొంత సైట్లు పెట్టుకుంటున్నాయి. నాలుగైదు పేజీలే ఉన్న సైట్ అయితే సైట్ మ్యాప్ అక్కర్లేదు, హోమ్ పేజీలోనే అన్నింటికీ లింకులు ఇస్తే సరిపోతుంది. ఇరవై దాటితే మాత్రం పెట్టడం మంచిది.

ముందు కంప్యూటర్ ముందు కూర్చోకండి. ఒక కాగితం తీసుకుని మీ సైట్‌లోని పేజీల పేర్లన్నీ రాయండి. వాటిని ఐదారు గుంపులు చేయండి. గుంపుల పేర్లు మీ ఆఫీసు విభాగాల పేర్లు కాకుండా, వచ్చేవాళ్లు నోటితో అడిగే మాటలై ఉండాలి. 'అకడమిక్ వింగ్' అంటే తల్లిదండ్రులకు ఏం తెలుస్తుంది? 'పరీక్షలు, మార్కులు' అంటే తెలుస్తుంది. ఈ కాగితం పని అరగంటలో అయిపోతుంది. అయితే సైట్ అసలు ఎంత గందరగోళంగా ఉందో అప్పుడే బయటపడుతుంది. ఒకే విషయం మీద మూడు పేజీలు, ఎవరూ చూడని పేజీలు, లింకే లేని పేజీలు అన్నీ దొరుకుతాయి.

ఆ తర్వాత పేజీ తయారీ. ప్రతి గుంపు పేరూ నిజమైన హెడ్డింగ్‌గా, అంటే కోడ్‌లో హెచ్2గా ఉండాలి. అక్షరాలు లావుగా చేసినంత మాత్రాన టాక్‌బ్యాక్ దాన్ని హెడ్డింగ్ అనుకోదు. చాలా సైట్లు ఇక్కడే తప్పు చేస్తాయి. లింకులు జాబితా రూపంలో ఉండాలి. అప్పుడు 'జాబితా, ఎనిమిది అంశాలు' అని ముందే వినిపిస్తుంది. లింకు మాట, తెరిచిన పేజీ శీర్షిక ఒకటే అయి ఉండాలి. 'ఇక్కడ క్లిక్ చేయండి' వద్దే వద్దు. లింకులు మాత్రమే వినేవాళ్లకు వరుసగా ఇరవైసార్లు 'ఇక్కడ క్లిక్ చేయండి' అని వినిపిస్తే ఏం చేయాలి చెప్పండి! పేజీ తెలుగులో ఉంటే కోడ్‌లో భాష 'టీఈ' అని పెట్టించండి. లేదంటే ఇంగ్లీషు గొంతు తెలుగు అక్షరాలను ముక్కలు ముక్కలు చేసి చదువుతుంది, లేదా అసలు చదవదు.

మడతపడే మెనూలు, బొమ్మలు, యానిమేషన్లు సైట్ మ్యాప్‌లో వద్దు. వెబ్ వాడకంపై పరిశోధనలు చేసే జాకబ్ నీల్సన్ 2008లో ఇదే చెప్పారు. నిజాయతీగా ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆ పరీక్షల్లో సైట్ నిర్మాణం తెలుసుకోమన్నప్పుడు సైట్ మ్యాప్ వైపు వెళ్లింది 7 శాతం మందే. అంతకుముందు 2002లో అది 27 శాతం. అంటే ఎక్కువమంది దీన్ని వాడరు. కాంప్లెక్స్‌లో ర్యాంపు కూడా ఎక్కువమంది వాడరు కదా, అవసరమైనవాళ్లకు అదే దారి.

వీడియోలు చూసేవాళ్లకు..

ఇది చదువుతున్న మీలో చాలామంది వీడియో కోసమే మాలాంటి న్యూస్ సైట్లకు వస్తారని తెలుసు. ఒప్పుకోవాల్సిన విషయం ఒకటుంది. న్యూస్ సైట్లలో పేజీ కిందకు లాగేకొద్దీ కొత్త వార్తలు వస్తూనే ఉంటాయి. సైట్ మ్యాప్ లింకు పేజీ అడుగున ఉంటుంది. అడుగుకు చేరేలోపు మళ్లీ పది వార్తలు! ఎండమావి వెంట పరిగెత్తినట్టే. ఇలాంటి సైట్లలో సైట్ మ్యాప్ లింకు పైన మెనూలోనే ఉండాలి. జిల్లా, తేదీ, అంశం వారీగా వీడియోల జాబితా, ఒక్కోదాని పక్కన నిడివి, సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో రాసి ఉంటే వినికిడి లేనివాళ్లు ప్రతి వీడియో తెరిచి చూసి నిరాశపడక్కర్లేదు. డేటా లెక్క చూసుకునేవాళ్లకూ పనికొస్తుంది.

బోర్డు సరే, తలుపు తీసి ఉందా?

సైట్ మ్యాప్ ఎంత బాగున్నా చివరికి తెరుచుకునేది స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే పడ్డ కష్టం వృథా. స్క్రీన్ రీడర్‌కు అదొక ఫొటో, అంతే. మన తెలుగుకు ప్రత్యేకంగా ఇంకో తలనొప్పి ఉంది. డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా వాడుతున్న అను ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లు కంటికి చక్కటి తెలుగులా కనిపిస్తాయి. లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగూరగంప. స్క్రీన్ రీడర్ ఆ గుర్తులనే చదువుతుంది. సెర్చ్‌కూ దొరకదు. అందుకే నోటీసు యూనికోడ్ తెలుగులో, పేజీలోనే టైప్ చేసి పెట్టమని అడగండి.

ఎవరిని అడగాలి అంటారా? ప్రభుత్వ సైట్ అయితే మార్గదర్శకాల ప్రకారం 'వెబ్ ఇన్ఫర్మేషన్ మేనేజర్' వివరాలు, 'ఫీడ్‌బ్యాక్' లింకు ఉండాలి. వాటి కోసం వెతుక్కోవాల్సి వస్తే, సైట్ మ్యాప్‌లో చూడండి. ఫిర్యాదు రాసేటప్పుడు 'సైట్ బాగాలేదు' అని వదిలేయకండి. ఏ పేజీ, ఏ ఫోన్, టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉందా, ఎక్కడ ఆగిపోయారు, ఏ తేదీన.. ఇవన్నీ రాసి స్క్రీన్‌షాట్ జత చేయండి. స్పందన రాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేసే హక్కు 2016 చట్టమే ఇచ్చింది.